ఎర్ర ట్రేలో మంచి సీసా

మందుల ఫ్యాక్టరీలో ఇంజక్షన్ సీసాలు పరీక్షించే గదికి ఏదో పెద్ద పేరే ఉంది కానీ, పనివాళ్లెవరూ దాన్ని పలకరు. అందరికీ అది పెళ్లిచూపుల గది. చిటికెన వేలంత గాజు సీసాను రెండు వేళ్లతో పట్టుకుని, తలకిందులు చేసి, దీపం ముందు మెల్లగా తిప్పాలి. తెల్ల పలక ముందు పెడితే నల్ల నలుసు బయటపడుతుంది. నల్ల పలక ముందు పెడితే గాజు రవ్వ తళుక్కుమంటుంది. ఏమీ లేకపోతే పెట్టెలోకి, ఉంటే ఎర్ర ట్రేలోకి. "పిల్ల నచ్చింది", "పిల్లకి మెల్లకన్ను" అనుకుంటూ వాళ్లు పొద్దు పుచ్చుతారు.

ఆ గదిలో అందరికంటే చురుకైన చూపు ఉన్నవాణ్ణి డేగ అనేవారు. ఎవరికైనా అనుమానం వస్తే "డేగా, ఈ సంబంధం కాస్త చూసిపెట్టు" అని సీసా అందించేవారు. అతను ఒకసారి చూసి చెప్పాక ఇక అప్పీలు లేదు.

కొంతకాలంగా ఆ గదికి వస్తున్నది నొప్పి మందు. తలనొప్పికీ కాళ్ల నొప్పికీ వాడేది కాదు. రోగం ఎముకల్లోకి పాకినవాళ్లకి ఇచ్చేది. డేగ భార్యకు ఇస్తున్నదీ అదే.

ఆసుపత్రి నర్సు పొద్దున్నే ఇంటికి వచ్చి ఒక సూది వేసి వెళ్లేది. దాని చలవ మధ్యాహ్నం దాకా. ఆ తర్వాత ఆమె మంచం పట్టీని పట్టుకుని మూలగడం మొదలుపెట్టేది. రోజుకు రెండు పడాల్సిందేనని డాక్టరు ఒప్పుకున్నాడు. "కానీ సరుకు రావడం లేదు. ఉన్నదాన్ని అందరికీ సర్దాలి" అని, ఆ మాట తనకే చేదుగా ఉన్నట్టు మొహం తిప్పుకున్నాడు.

పగటిపూట భార్య అక్క వచ్చి కనిపెట్టుకుని ఉండేది. ఒకప్పుడు ఆసుపత్రిలో పనిచేసిన మనిషి, సూది వెయ్యడం బాగా తెలుసు. నోరు కూడా సూదే.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటే ఏమో అనుకున్నాను మరిదిగారూ. పొద్దస్తమానం ఆ మందు మధ్యే కూర్చుంటారు. ఇంటికి మాత్రం రెండు చేతులూ ఊపుకుంటూ వస్తారు."

"అది మనది కాదు వదినా."

"నొప్పి మాత్రం మనదే!"

వదిన మాటలకు అతను అలవాటు పడ్డాడు. అలవాటు లేనిది ఆ సాయంత్రం భార్య నోట విన్నది.

"ఏమండీ, ఒక్కటి."

"ఏం ఒక్కటి?"

"మీకు తెలుసు."

పెళ్లికి ముందు అతను చర్చి గడప తొక్కినవాడు కాదు. ఆమె ఆదివారం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేది. దుకాణంవాడు చిల్లర ఎక్కువిస్తే ఎండలో వెనక్కి నడిచి వెళ్లి ఇచ్చి వచ్చేది. ప్రార్థన అంటే గొంతు చించుకోవడం కాదని, ఉన్న మాట ఉన్నట్టు దేవుడితో చెప్పుకోవడమని అతనికి నేర్పింది ఆమె.

"నువ్వేనా ఈ మాట అడుగుతున్నది?"

"నేను కాదు. నా నడుం అడుగుతోంది" అంది ఆమె. నవ్వబోయి, ఆ నవ్వు సగంలోనే విరిగి, దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పెద్దాయన అతన్ని పక్కకు పిలిచాడు. సాయంత్రం బయటికి వెళ్లేవాళ్ల జేబులూ మడతలూ తడిమి చూసేది ఈయనే. ఇద్దరిదీ ఒకటే చర్చి సంఘం. ప్రభువు నేర్పిన ప్రార్థనలో, పాపానికి లాగే పరీక్ష అన్న అర్థంలో, అందరూ "శోధన" అనే చోట ఈయన గట్టిగా "సోదా" అనేవాడు. తమను సోదాలోకి తీసుకురావద్దని ఏళ్ల తరబడి దేవుణ్ణి వేడుకుంటూనే ఉన్నాడు. కుర్రకారు కిసుక్కుమంటే పాస్టరు గారు, "నవ్వకండర్రా, ఆయన దినమంతా చేసేది అదే. దాని బాధ ఆయనకే తెలుసు" అన్నారు. ఆ తర్వాత ఎవరూ దిద్దలేదు.

"నిన్న మీ వీధిలోంచి వస్తున్నాను తమ్ముడూ. చెల్లెమ్మ గొంతు విన్నాను."

"ఊఁ."

"నా చేతులకి వాతం పట్టింది. ఇవాళ సాయంత్రం అవి నీ జేబుల దాకా రాలేవనుకుంటా."

డేగకు అర్థమయ్యేసరికి ముసలాయన అటు తిరిగి లారీవాడి మీద కేకలు వేస్తున్నాడు.

శోధన కొమ్ములు పెట్టుకుని వస్తుందని అతను ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఇది జాలి మొహం పెట్టుకుని, వరస కలుపుకుని వచ్చింది.

మధ్యాహ్నం దాటింది. ఇంట్లో సూది చలవ దిగిపోయే వేళ. అతని వేళ్ల మధ్యకు ఒక సీసా వచ్చింది. తెల్ల పలక ముందు తిప్పాడు. నల్ల పలక ముందు తిప్పాడు. కడిగిన ముత్యంలా ఉంది. ఆ గదిలో కూర్చున్న ఇన్నేళ్లలో అతని కంటికీ చేతికీ ఎన్నడూ పేచీ రాలేదు. కన్ను చెప్పింది చెయ్యి చేసేది. ఇప్పుడు కన్ను బాగుందంటోంది, చెయ్యి మాత్రం సీసాను తీసుకెళ్లి ఎర్ర ట్రేలో పెట్టింది.

పని ముగిసే ముందు ఎవరి ఎర్ర ట్రేను వాళ్లే గాజు నలగ్గొట్టే మిషను దగ్గరికి పట్టుకెళ్లి, సీసాలను అందులో వేసి పొడి చెయ్యాలి. అక్కడ సూపర్‌వైజరమ్మ నిలబడుతుంది. ఆమె చూపు ట్రే మీద కంటే మిషను మీదే ఉంటుంది. గుప్పుమనే గాజు పొడిలో ఒక సీసా తగ్గితే తెలుసుకునేవాడు లేడు.

వరసలో నిలబడేసరికి ఆ సీసా అతని అరచేతిలో ఉంది. చల్లగా ఉండాల్సిన గాజు వెచ్చబడింది.

"ప్రభువా" అనుకున్నాడు. మిగతా మాటలు రాలేదు. భార్య నేర్పినట్టు ఉన్నమాట చెప్పుకుందామని చూశాడు. 'నాకు ఇది కావాలి. దీన్ని వదలడం నాకు ఇష్టం లేదు. నువ్వు వద్దంటున్నావని తెలుసు. నీ మీద కోపంగా ఉంది.' అంతకు మించి భక్తి అతని దగ్గర లేదు. పైనుంచి జవాబూ రాలేదు. డాక్టరు అన్న మాటే చెవిలో మెదిలింది: అందరికీ సర్దాలి. ఈ సీసా కోసం ఎక్కడో, ఏదో గదిలో, ఇంకెవరో మంచం పట్టీని పట్టుకుని ఉన్నారు. ఆ మనిషి మొహం అతనికి కనిపించలేదు. కనిపించి ఉంటే తేలికయ్యేదేమో. కనిపించని మనిషి కోసమే అతను పిడికిలి విప్పాడు.

"అమ్మా, ఇది మంచి సీసా. కావాలనే ఇందులో వేశాను. పెట్టెలో పెట్టించండి."

సూపర్‌వైజరమ్మ సీసానూ అతన్నీ మార్చి మార్చి చూసింది. ఆమెకు అతని ఇంటి సంగతి తెలుసు.

"ఎర్ర ట్రేలో పడింది మళ్లీ పెట్టెలోకి రాదు. నీకు నేను చెప్పాలా?"

"మచ్చ లేదమ్మా. నేను చూశాను."

"నువ్వు చూశావు కాబట్టే ఎర్ర ట్రేలోకి వచ్చింది. రేపటి నుంచి ఏ సీసాని నమ్మమంటావు?" ఆమె గొంతు తగ్గించింది. "ఈ మాట నేను వినలేదు. వెయ్యి."

వేశాడు. కణుక్కుమన్న శబ్దం కూడా రాలేదు. తన భార్యకూ దక్కక, ఆ కనిపించని మనిషికీ దక్కక, మంచి మందు గాజు పొడిలో ఇంకిపోయింది. పాపం పూర్తిగా చెయ్యలేదు కానీ, చేసిన సగం ఒకరి నోటి దగ్గరి ముద్దను నేలపాలు చేసింది.

గేటు దగ్గర పెద్దాయన అతన్ని చూసి, చేతులు వెనక్కి కట్టుకుని, పదపదమన్నట్టు తల ఊపాడు.

డేగ కదల్లేదు. రెండు చేతులూ పైకెత్తాడు.

"సోదా చెయ్యన్నా."

"వెళ్లమంటుంటే!"

"చెయ్యి."

ముసలాయన జేబులు తడిమాడు, నడుం తడిమాడు. ఏమీ దొరక్కపోయేసరికి మొహం మాడ్చుకున్నాడు.

"ఓరి పిచ్చి సన్నాసీ! నేను కళ్లు మూసుకుంటానన్నా నీకు చేతకాలేదా? ఇప్పుడు ఆ పిల్లకి ఏం చెబుతావు?"

ఇంటికి వెళ్లేదాకా అతను ఆ జవాబునే వెతుక్కున్నాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే భార్య కళ్లు అతని మొహం మీదికి కాక చేతుల మీదికి వెళ్లాయి.

"తేలేదు" అన్నాడు. మంచం పక్కన నేల మీద కూర్చుని జరిగిందంతా చెప్పాడు, మిషనులో పొడైన సంగతితో సహా. వదిన వంటగదిలో గిన్నె ఎత్తి కుదేసింది.

భార్య చూపు ఇంకా అతని ఖాళీ చేతుల మీదే ఉంది.

"తెస్తారనుకున్నాను" అంది. "పొద్దున్నుంచీ దాని మీదే ప్రాణం పెట్టుకున్నాను."

"క్షమించు."

"ఇప్పుడు కాదు. ఇప్పుడు నా వల్ల కాదు."

"సరే."

"తేకూడదనే ప్రార్థన చేశాను" అంది కాసేపాగి. "తేవాలని కూడా చేశాను. ఆయన ఒక్కటే విన్నాడు."

నొప్పి మళ్లీ లేచింది. ఆమె చెయ్యి గాలిలో వెతికింది. అతను తన చెయ్యి అందించాడు. గోళ్లు అరచేతిలో దిగాయి. ఎవరి మీద కోపంతో పట్టుకుందో అతను అడగలేదు. పట్టుకుంది, అంతే.

వదిన వచ్చి ఇద్దరినీ చూసింది. గోడ వారగా ఉన్న దిండు తీసి అతని వీపు వెనక దూర్చి, విసురుగా వంటగదిలోకి వెళ్లిపోయింది. నర్సు రావడానికి ఇంకా ఒక సాయంత్రం, ఒక రాత్రి ఉన్నాయి. అతను దిండుకు ఆనుకున్నాడు, చెయ్యి మాత్రం కదపలేదు.