వేలెడు మంచి చెక్క

ఆ పొద్దున ఆకాశం నిండా మబ్బులు చెక్కను చిత్రిక పడితే రాలే పొట్టులా చుట్టలు చుట్టలుగా చెదిరి ఉన్నాయి. ఆసుపత్రి మూడో అంతస్తు కిటికీలోంచి వాటినే చూస్తూ పడుకున్నాడు పెద్ద వడ్రంగి. ఇంకో గంటలో ఆయన పొట్ట కోసి, కాలేయంలో కుడి భాగం తీసేస్తారు. పక్కన ఇనప కుర్చీలో బావమరిది. ఇరవై రెండేళ్లుగా ఇద్దరిదీ ఒకటే కొట్టు. పెద్ద రంపానికి చెరో కొసనా ఉండేవాళ్లు.

"మొహం అలా వేలాడేసుకోకురా. కోసేది నన్ను."

"నీకేం బావా, మత్తిస్తారు. బయట అక్కతో కూర్చోవాల్సింది నేను."

మూడు నెలల కిందట ఆయన ఒళ్లు సన్నబడుతుంటే పని ఎక్కువైందనుకున్నారు. కుడి డొక్కలో బరువుగా ఉందంటే, మొద్దు ఎత్తినప్పుడు పట్టేసిందనుకున్నారు. స్కాన్‌లో నిమ్మకాయంత గడ్డ తేలింది. సూదితో ముక్క తీసి చూసి, కాలేయపు క్యాన్సరన్నారు. రక్తపరీక్షలో ఒక అంకె మాత్రం దానికి పొసగలేదు. డాక్టరమ్మకు అనుమానం వచ్చి ఇంకోచోట సూది వేయించింది. ఆ ముక్కలో పిత్తనాళాల రకం క్యాన్సరు కనబడింది. ఒకే గడ్డలో రెండు జాతులు. అరుదైనది, మొండిది కూడా అంది. ఈలోగా నిమ్మకాయ కాస్తా నారింజపండైంది.

"మొదటిసారే కనుక్కోలేకపోయాం" అని ఆమె నొచ్చుకుంటే పెద్ద వడ్రంగే ఓదార్చాడు.

"దానికేముందమ్మా. మొద్దుకు ఒక్కచోట ఉలి పెట్టి, లోపలంతా గట్టి చేవేనని నేనూ ఎన్నిసార్లు మోసపోయానో."

అప్పుడే ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. కోసిన అంచుల్లో జబ్బు లేకపోతే ఆశ ఉంది. అంచులో మిగిలిపోతే త్వరలోనే మళ్లీ లేస్తుంది. ఆ మాట బావమరిది గుండెలో మేకులా దిగి అక్కడే ఉండిపోయింది.

నర్సు వచ్చి, డొక్క కింద ఊదారంగు కలంతో గీత గీసి, కలం పళ్లెంలో పెట్టి కాగితాల కోసం వెళ్లింది. పెద్ద వడ్రంగి తలెత్తి గీత చూసుకున్నాడు. పెదవి విరిచాడు. కలం అందుకున్నాడు.

"ఏం చేస్తున్నావు బావా?"

"ఉత్త గీతే గీసి పోయిందిరా. ఏ వైపు ఉంచాలో, ఏ వైపు పారేయాలో కోసేవాళ్లకెలా తెలుస్తుంది?"

గీతకు కుడిపక్కన ఇంటూ గుర్తు వేశాడు. కొట్లో పారేసే వైపుకు ఎప్పుడూ వేసే గుర్తే అది. బావమరిదికి కూడా అందులో తప్పేమీ కనబడలేదు.

"ఇంకాస్త పెద్దది వెయ్యి బావా. కనబడాలిగా."

తిరిగొచ్చిన నర్సు గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరు వేశారిది?"

ఇద్దరూ గోడల వైపు చూశారు.

"గుర్తు తేడాగా ఉంటే ఆపరేషన్ గదిలోకి రానివ్వరు పెద్దాయనా. అన్నీ మొదటినుంచి సరిచూడాలి."

అలా గంట ఆలస్యమైంది. సంగతి విని అక్క లోపలికొచ్చింది.

"యాభై ఎనిమిదేళ్లొచ్చాయి, పొట్టమీద బొమ్మలేసుకుంటాడు. పక్కన ఇంకో మహానుభావుడు, పెద్దది వెయ్యమంటాడు. మీ ఇద్దరికీ కలిపి ఒక్క బుర్రన్నా ఇవ్వలేదు ఆ దేవుడు."

తిడుతూ తిడుతూ మధ్యలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని తమ్ముడు లేచాడు. నవ్వుతోంది. ఈ మూడు నెలల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

డాక్టరమ్మ వచ్చి ఆ గుర్తును కాసేపు పరీక్షగా చూసింది.

"మీరు కోసేటప్పుడు రంపం గీత మీదే నడుస్తుందా?"

"లేదమ్మా. పారేసే వైపు నడవాలి. పుచ్చు పట్టిన చెక్కయితే, పుచ్చు దాటి వేలెడు మంచి చెక్క కూడా తీసేస్తాం. అక్కడ పిసినారితనం పనికిరాదు."

"నేనూ అంతే. వీలైనంత వరకూ."

"అయితే మీరూ పనితనం తెలిసినవారే" అని ఆయన దిండు మీదికి వాలాడు. నర్సు స్పిరిట్ దూదితో గుర్తు తుడుస్తుంటే చక్కిలిగింతలని మెలికలు తిరిగాడు. నర్సుకూ నవ్వాగలేదు.

ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది. పదకొండో రోజున ఇంటికొచ్చాడు. తీసిన ముక్కను పరీక్షకు పంపారు. అంచుల సంగతి ఫోన్లో చెబుతామన్నారు.

ఆ తరవాత వారం గడిచాక, మధ్యాహ్నం కంచాల ముందు కూర్చున్నప్పుడు ఫోన్ మోగింది. పెద్ద వడ్రంగి దాన్ని బావమరిది వైపు తోశాడు.

"నువ్వు తియ్యరా. నా చేతులు తడి."

ఆయన చేతులు పొడిగానే ఉన్నాయి. బావమరిది విన్నాడు. "సరేనమ్మా" అన్నాడు. ఇంకా విన్నాడు. మళ్లీ "సరేనమ్మా" అన్నాడు. అక్క గరిటె గిన్నెలో ఆగిపోయింది.

"అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయట బావా. ఎక్కడా మిగల్లేదట."

బావమరిది ఫోన్ కింద పెట్టాడు.

"మూడు నెలలకోసారి స్కాన్ తీయాలట. ఇది రెండు జాతులది కదా, మళ్లీ రాదని రాసివ్వలేనంది."

"రాసిమ్మని ఎవరడిగారు?" అంది అక్క, గరిటె ఎత్తుతూ.

మొగుడికి వడ్డించింది. తమ్ముడికి వడ్డించింది. ఎప్పుడూ ఆఖరున తినే మనిషి, తనకూ కంచం పెట్టుకుని వాళ్ల మధ్య కూర్చుంది. పెద్ద వడ్రంగి కలుపుకుని మొదటి ముద్ద తీసుకున్నాడు. మిగతా ఇద్దరూ చూడనట్టే చూశారు. తరవాత వాళ్లూ తలలొంచుకున్నారు. ముగ్గురూ నెమ్మదిగా కంచాలు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.