మరణం గడి

పెన్షన్ల ఆఫీసులో ఏడాదికొకసారి హాజరు తీసుకుంటారు. యుద్ధానికి వెళ్లొచ్చిన సిపాయిలు ఆ రోజు స్వయంగా వచ్చి, బతికే ఉన్నామని పుస్తకంలో వేలిముద్ర వేసి వెళ్లాలి. అందుకని వరండాలో రెండు బెంచీలు వేస్తారు. మొదటిది బతికున్నవాళ్లకి. రెండోది, చనిపోయినా ఆ సంగతి పుస్తకంలోకి ఎక్కనివాళ్లకి. ఎవరి పేజీలో మరణం గడి ఖాళీగా ఉందో, వాళ్లని తమవాళ్లు అడిగి నంబరు పిలిపిస్తే రాక తప్పదు. రెండో బెంచీ వాళ్లతో ఆఫీసుకి పెద్ద ఇబ్బందేమీ లేదు. మంచినీళ్లు అడగరు, వరస తప్పరు. ఆ రోజు మధ్యాహ్నానికి అలాంటివాళ్లు పదకొండుమంది వచ్చి వెళ్లారు. ఒకాయన బూట్ల బురదతో మెట్లన్నీ పాడుచేశాడని ఊడ్చే మనిషి సణిగింది.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆవిడ ఆ రోజు సెలవు పెట్టి, ఎనభై ఆరేళ్ల అమ్మమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ సంచిలో ఒక నోటీసు ఉంది. సిపాయిల లైన్లలో, అంటే సిపాయిలకిచ్చిన ఇళ్ల వరసల్లో, ఏడో నంబరు ఇంట్లో ఉంటున్నది సిపాయి వారసులేనని రుజువు చేసే కాగితం సాయంత్రం ఐదింటిలోగా చూపించాలి. లేకపోతే మర్నాడు తాళం వేస్తారు. అమ్మమ్మ పుట్టిందీ, కాపురం చేసిందీ, ముసలిదైందీ ఆ రెండు గదుల్లోనే. ఇన్నేళ్లూ ఎవరూ కాగితం అడగలేదు. కొత్తగా వచ్చిన ఇళ్ల అధికారి అడిగాడు.

కాగితం కావాలంటే ముందు సిపాయి పేజీ దొరకాలి. అది దొరకడం లేదు.

ఆ సిపాయి అమ్మమ్మ తండ్రి. ఆవిడకి ఎనిమిదేళ్లప్పుడు ఇలాంటి హాజరు రోజునే పెన్షను పుస్తకం జేబులో పెట్టుకుని ఇంట్లోంచి బయల్దేరాడు. మళ్లీ రాలేదు. పెళ్లాం ఆఫీసుకి రెండుసార్లు వచ్చి అడిగితే, అలాంటి పేరుగల మనిషే మా పుస్తకాల్లో లేడన్నారు. దాంతో ఆయన ఇంకెక్కడో కాపురం పెట్టుకున్నాడని లైన్లలో తేల్చేశారు. అప్పట్నుంచీ అమ్మమ్మ ‘పారిపోయినోడి కూతురు’ అయింది. మొన్న నోటీసు వచ్చినప్పుడు కూడా ఎదురింటి టీచరమ్మ, మీ నాన్న ఏ ఇంట్లో ఉన్నాడో కనుక్కుని సంతకం పెట్టించుకు రాకూడదా అని నవ్వింది. అమ్మమ్మ కూడా నవ్వింది. ఆ మాటకి నవ్వడం ఆవిడకి బాగా అలవాటు.

రికార్డుల గుమాస్తా మూడు పుస్తకాలు మోసుకొచ్చి వరండాలో బల్ల మీద పడేశాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, కళ్లద్దాలు దారంతో మెళ్లో వేలాడుతుంటాయి.

“సైన్యంలో శత్రువు చేతిలో కంటే మా చేతిలో పోయినవాళ్లే ఎక్కువమ్మా,” అన్నాడు. “నిదానంగా చూసుకోండి. ఐదింటి వరకే.”

మనవరాలు సిపాయి పేరుతో వెతికింది. ఇంటిపేరుతో వెతికింది. ఒత్తు పోయి ఉండొచ్చని, దీర్ఘం రాలి ఉండొచ్చని, ‘ళ’కి ‘ల’ పడి ఉండొచ్చని తనకి తెలిసిన తప్పులన్నీ వేసి చూసింది. మూడున్నర అయింది. అమ్మమ్మ బెంచీ మీద కదలకుండా కూర్చుంది.

కంపోజు చేసేవాళ్ల తప్పులు రెండు రకాలని మనవరాలికి ఇరవయ్యేళ్లుగా తెలుసు. కంటి తప్పులు కొన్ని, చెవి తప్పులు కొన్ని. కంటి తప్పులన్నీ అయిపోయాయి. మీ నాన్న ఎలా మాట్లాడేవాడని అమ్మమ్మని అడిగింది.

“ఏం చెప్పనే? పెద్దగా మాట్లాడేవాడే కాదు. ఎవరేం అడిగినా ముందు ‘చిత్తం’ అనేవాడు, ఆ తర్వాతే జవాబు. అన్నం పెట్టనా అని మా అమ్మ అడిగినా చిత్తమే. నువ్వేమైనా దొర దగ్గర ఉన్నావా అని తిట్టేది.”

మనవరాలి చేతిలో పేజీ ఆగిపోయింది. సైన్యంలో చేరే రోజు. బల్ల, వరస, తలెత్తని గుమాస్తా. పేరు? చిత్తం. రాసేశాడు. ఆ తర్వాత ఆయన్ని ఎప్పుడూ నంబరుతోనే పిలిచారు కాబట్టి, తన పేరు మారిపోయిందని ఆ మనిషికే తెలిసి ఉండదు.

‘చ’ పేజీల దగ్గర దొరికాడు. పేరు చిత్తం. ఎడమ చెవి కింద కాలిన మచ్చ. కుడి మడమలో తూటా. భార్య, ఒక కూతురు. మరణం గడి ఖాళీ. మచ్చ సంగతి చదవగానే అమ్మమ్మ తన చెవి కింద చెయ్యి పెట్టుకుని, ఇక్కడే, అంది.

గుమాస్తా అద్దాలు పెట్టుకుని చూశాడు. “ఇదే పేజీలో ఇంకో ఇద్దరు చిత్తాలున్నారు. ఆ గుమాస్తాకి చెవులు బాగానే పనిచేశాయి.”

నాలుగూ ఇరవైకి అటెండరు మెట్ల దగ్గరికి వెళ్లి నంబరు పిలిచాడు. ఎవరూ రాలేదు. మూడుసార్లు పిలుస్తారు. అప్పటికీ రాకపోతే ఆ మనిషి చావు ఇంకెక్కడో, ఇంకో పుస్తకంలో నమోదై ఉందని లెక్క. అంటే ఇంకో ఊరు, ఇంకో ఇల్లు. లైన్లవాళ్లు అన్నదే నిజమన్నమాట. రెండోసారి పిలిచినప్పుడు అమ్మమ్మ మెట్ల వైపు చూడకుండా నేలకేసి చూసింది.

మూడో పిలుపుకి మెట్ల మీద కుంటి నడక వినిపించింది.

బక్కపల్చటి మనిషి. మోకాళ్ల దాకా దుమ్ము. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వచ్చి రెండో బెంచీ దగ్గర నిలబడ్డాడు. అమ్మమ్మ అప్పటికే ఆ బెంచీ మీద ఉంది.

“కొంచెం జరుగుతారా అమ్మా,” అన్నాడు.

అమ్మమ్మ జరిగింది. చెవి కింద మచ్చ చూసింది. పిలిస్తే వచ్చి రెండో బెంచీ మీద కూర్చున్నాడంటే, ఆయన చావు ఇంకే ఊరి పుస్తకంలోనూ ఎక్కలేదు. పారిపోలేదు.

“తొందరగా కానిచ్చెయ్యండి బాబూ,” అన్నాడాయన గుమాస్తాతో. “ఇంటి దగ్గర పిల్ల ఒక్కతే ఉంది. వాళ్లమ్మ పనికెళ్లింది.”

గుమాస్తా మనవరాల్ని పక్కకి పిలిచి సంగతి చెప్పాడు. ఈ ఏటి హాజరు గడిలో వేలిముద్ర వేస్తే ఏటా ఇలాగే పిలిపించుకోవచ్చు, కానీ పుస్తకం ప్రకారం బతికున్న మనిషికి వారసులుండరు, కాగితం రాదు. మరణం గడిలో వేస్తే పది నిమిషాల్లో కాగితం చేతికిస్తాడు, సిపాయి మాత్రం ఇక రాడు. ఏ గడిలో వేసినా ఆయన తెలిసి వెయ్యాలి. చెయ్యి పట్టుకుని వేయించకూడదు. గోడ మీద పావుతక్కువ ఐదు.

మనవరాలు సిపాయి వైపు తిరిగేలోపు అమ్మమ్మ లేచి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

“చెప్పొద్దు. ఏడాదికోసారైనా చూస్తాను.”

“ఇల్లు పోతుంది అమ్మమ్మా.”

“పోతే పోనీ.”

“ఈ వయసులో ఎక్కడుంటావు?”

“నీ దగ్గర. లేకపోతే ఇక్కడే, ఈ బెంచీ మీద.”

ఆయన బొటనవేలికి అప్పటికే సిరా అంటింది. వేలు గాల్లో ఆపి, ఎవరిల్లు పోతుందని అడిగాడు.

జీవితమంతా తప్పుల్ని పేజీ అంచున గుర్తు పెట్టి పంపించేసిన మనవరాలికి ఎదురుగా నిలబడి చెప్పడం చేతకాలేదు. నోటీసు తీసి చదివింది. సిపాయిల లైన్లు, ఏడో నంబరు ఇల్లు, ప్రస్తుతం ఉంటున్న మనిషి వయసు ఎనభై ఆరు.

“ఏడో నంబరు మాదే,” అన్నాడాయన.

అని, అమ్మమ్మ వైపు చూశాడు. జుట్టు చూశాడు, చేతులు చూశాడు, ఆ తర్వాత కళ్లు చూశాడు. గడియారంలో ముల్లు ఒక గీత దాటింది.

“మీ అమ్మ పని నుంచి వచ్చిందా?”

“వచ్చింది నాన్నా,” అంది అమ్మమ్మ. “ఆ రోజు చీకటిపడకముందే వచ్చింది.”

“అన్నం తిన్నావా నువ్వు?”

“తిన్నాను.”

ఆయన తలాడించాడు. గుమాస్తా వైపు తిరిగి, “పిల్లకి ఇల్లు ఉండాలంటే ఏ గడో చూపించండి,” అన్నాడు.

గుమాస్తా పెన్సిలుతో చూపించాడు. మనవరాలి మణికట్టు మీద అమ్మమ్మ పట్టు కాసేపటికి వదులైంది. ఆయన వేలు ఆనించి, అటూ ఇటూ దొర్లించి, తీశాడు. సంగతి ఆఫీసుకి తెలిసిన రోజునే తేదీగా వెయ్యాలని రూలు, కాబట్టి గుమాస్తా ఆ రోజు తేదీ వేశాడు. సిపాయి వేలు ప్యాంటుకి తుడుచుకుని, అదే చేత్తో అమ్మమ్మ తల ఒకసారి నిమిరి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. నాలుగూ యాభై ఏడుకి వారసుల కాగితం పక్క గదిలో ఇళ్ల అధికారి బల్ల మీద ఉంది.

ఆరింటికల్లా ఆ మరణం సంగతి లైన్లలో అందరికీ తెలిసింది. ఇంటి ముందు కుర్చీలు వేశారు. ఇన్నేళ్లూ ఎగతాళి చేసినవాళ్లూ, వాళ్ల పిల్లలూ పలకరించడానికి వచ్చి, తలొంచుకుని కూర్చున్నారు. టీచరమ్మ ఆఖర్న వచ్చింది. అమ్మమ్మ పక్కన కూర్చుని, ఎవరైనా అడిగేదే అడిగింది, ఎలా జరిగిందని.

“ఆఫీసు పని మీద వెళ్లాడు,” అంది అమ్మమ్మ. “ఇంటికి రావాలనే తొందరలో ఉన్నాడు.”

“వయసెంత?”

“నలభై రెండు.”

టీచరమ్మ ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

“చిన్న వయసే,” అంది.

అప్పుడు ఏడ్చింది అమ్మమ్మ.