ఉప్పు ఒక్కటే

మా ఇంట్లో టీ అందరికీ ఒకే గిన్నెలో మరుగుతుంది, పంచదార లేకుండా. మా ఆయన దుర్గాప్రసాద్‌కు షుగర్ అని తెలిసిన రోజే అత్తయ్య పంచదార డబ్బా కడిగి, అందులో ఎండుమిరపకాయలు పోసింది. "వాడు తినలేనిది మనకెందుకే?" అంది. ఆ 'మన'లో నేనెప్పుడు కలిశానో గుర్తులేదు. ఆయన మాత్రం అద్దంకి బజారుకు వెళ్ళిన రోజు మీసానికి జిలేబీ పాకం అంటించుకుని వస్తారు. అది నేను చూడనట్టుండాలి.

కల్లంలో మిరపకాయలు ఆరబోసిన రోజు నాకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అత్తయ్య చెంబు నిండా ఉప్పునీళ్ళు కలిపి ఇచ్చింది.

"కాస్త పంచదార కూడా వెయ్యాలేమో అత్తయ్యా?"

"ఇంట్లో ఉంటేగా! షుగరున్న కొంప."

పక్కింట్లో అడగొచ్చు. అడగలేదు. తీపి కావాలనుకోవడమంటే ఆయనకు కీడు తలచడమేనని ఇన్నేళ్ళలో నా లోపల ఎక్కడో గట్టిపడిపోయింది. తాగాను. తాగిందంతా పోయింది. మళ్ళీ తాగాను. కళ్ళు తిరుగుతున్నా నా ధ్యాస ఒకటే: వాన పడితే కాయలెవరు ఎత్తుతారు?

ఆసుపత్రిలో సెలైను పెట్టారు. సాయంత్రానికి కాస్త తేరుకున్నాక డాక్టర్ నగ్మా గారు అడిగారు. "ఉత్త ఉప్పునీళ్ళేనా తాగింది? ఇలాంటప్పుడు ఉప్పు ఒక్కటే పోస్తే చిన్నపేగు సరిగా తీసుకోదమ్మా. పక్కన తీపి ఉండాలి. ఆ రెండూ కలిసి పేగు గోడ దాటితే వాటి వెనకే నీళ్ళూ ఒంట్లోకి వెళతాయి. లేకపోతే అన్నీ బయటికే."

ఆవిడ చెబుతున్నది పేగు గురించే. నాకు మాత్రం ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో నేను మింగినవన్నీ గుర్తొచ్చాయి. ఏదీ నాలోకి ఇంకలేదు. పక్కన ఒక్క తీపిమాట లేదు.

"ఇంటికెళ్ళాక ఈ ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్ళలో కలిపి తాగించండి," అని డాక్టర్ గారు మా ఆయన చేతికి ఇచ్చారు.

"ఇందులో పంచదారేమన్నా ఉంటదా అండీ? మా ఇంట్లో పెట్టమండీ. నాకు షుగర్."

"షుగర్ మీకండీ, ఆవిడకు కాదు."

"మేమిద్దరం వేరా ఏంటండీ!"

వార్డంతా నవ్వింది. పక్క మంచం మీదావిడ నా వైపు తిరిగి, "అదృష్టవంతురాలివమ్మా," అంది.

"మేమిద్దరం వేరే," అన్నాను.

నాలుక పిడచగట్టి ఉంది. మాట పెదాలు దాటలేదు. మళ్ళీ అనాలంటే నోరు తడవాలి. ప్యాకెట్ ఆయన జేబులో ఉంది.