అరుణజ్యోతి లిస్టు

సుపేలా బజారులోని కంప్యూటర్ షాపులో అరుణజ్యోతి తన లిస్టును బావ లక్ష్మీప్రసాద్ కోసం చదువుతోంది. గేమింగ్ కంప్యూటర్ కొనుక్కోవాలని మూడేళ్లుగా ఒక్కో పార్టూ వెతికి, కొట్టేసి, మళ్లీ రాసుకున్న లిస్టు అది. మామయ్య కాంట్రాక్టుల పుణ్యమా అని బావకి ఒక్క పూటలో అన్నీ అమరిపోతున్నాయి.

“గ్రాఫిక్స్ కార్డంటే ఏటే? అందులో లైట్లుంతాయా?” అన్నాడు బావ.

ఆమెకి కడుపు మండిపోయింది. “పవర్ సప్లై చిన్నది చాలు భయ్యా,” అనేసింది షాపువాడితో. అంత పెద్ద కార్డుకి అదిచ్చే కరెంటు చాలదు. ఆట రసపట్టులో ఉండగా మిషన్ ఠపీమని ఆగిపోతుంది. ఆగనీ!

“విశ్వకర్మ పూజకి దీనికి నువ్వే బొట్టెట్టాల. ఎంచింది నువ్వే కదా,” అన్నాడు బావ.

ఆ పూజ నాడు స్టీలు ప్లాంటులో నాన్న తన క్రేన్‌కి దండ వేసి, కళ్లు మూసుకుని మొక్కడం ఆమె చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది. కడుపు మాడ్చిన మిషన్‌కి తను ఏ చేత్తో బొట్టు పెడుతుంది?

“పెద్దదే రాయి భయ్యా,” అంది పళ్లు నూరుతూ.

“నా మీద ఎంత ప్రేమే నీకు!”

“నీ మొకానికా?” అంటూ కార్డు పెట్టెను బావకి అందకుండా ఒళ్లోకి లాక్కుంది.