ఇద్దరికీ ఒకటే కిటికీ

కిటికీ తెర ఊగింది.

గాలి లోపలికొచ్చింది — తడిసిన మట్టి మీదుగా, ఎవరూ నడవని వీధి మీదుగా.

ఆ గాలికి వాసన ఉండే ఉంటుంది. గదిలో ఉన్న ఇద్దరికీ తెలియలేదు. జబ్బు ముందుగా ముక్కుల్నే పట్టుకుంది.

కిటికీకి ఇటు అత్త. అటు కోడలు.

కోడలు సిటీ బస్సులో కండక్టరు. ఊరంతా తలుపులు మూసుకున్న రోజుల్లోనూ ఆమె బస్సు తిరిగింది. నర్సుల్నీ, ఆసుపత్రి ఊడ్చేవాళ్ళనీ ఎక్కించుకుని, దించి... అలా తిరిగి తిరిగి ఒక సాయంత్రం కాలుతున్న ఒంటితో ఇంటికొచ్చింది. మర్నాటికి అత్తకూ జ్వరం.

ఇంట్లో ఉన్నవి రెండే గదులు. జబ్బు వచ్చినవాళ్ళు ఒక గదిలో, రానివాళ్ళు ఒక గదిలో — వడ్రంగి పని చేసే ఆమె భర్త అలా తేల్చేశాడు. తనూ, కూతురూ తలుపుకి అవతల, అత్త గదిలో.

అత్తాకోడళ్ళ మధ్య పోట్లాట లేదు.

మాటలూ లేవు.

పెళ్ళైన కొత్తలో అత్త ఒక మాటంది — మగాళ్ళ మధ్య నిలబడి కేకలేసే ఉద్యోగమేంటని. కోడలు యూనిఫాం వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. తర్వాత పిల్ల పుట్టింది. మాటలన్నీ దాని మీదుగానే నడిచాయి. "మీ అమ్మని అడుగు." "మీ నానమ్మకి చెప్పు."

ఇప్పుడు పిల్ల తలుపవతల ఉంది.

మాట మోసేవాళ్ళు లేరు. గాలి ఒక్కటే అటూ ఇటూ తిరిగింది.

భర్త వంట చేసేవాడు. పళ్ళేలు గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి, దూరం జరిగి అరిచేవాడు — "ఎలా ఉంది?"

నాలుకకి ఏ రుచీ అందడం లేదు. అయినా ఇద్దరూ ఒకేసారి అన్నారు — "బ్రహ్మాండం!"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్త పెదవి ఒక పక్కకి సాగింది.

నవ్వే.

"నా వల్లే..." అని ఒక మధ్యాహ్నం కోడలు గొణిగింది, గోడకి చెప్పుకుంటున్నట్టు.

"నువ్వు తెచ్చావో, పాల కోసం వెళ్ళి నేనే తెచ్చుకున్నానో... దానికేమైనా చిరునామా ఉందా? పడుకో."

పడుకో — ఒక్క మాట. అందులో ఎంత మెత్తదనం ఉందో... కోడలు అటు తిరిగి ఏడ్చింది. హాయిగా, కడుపునిండా ఏడ్చింది.

తర్వాత గాలి చాలని రోజొచ్చింది.

కిటికీ బార్లా తెరిచే ఉంది. తెర ఎగురుతూనే ఉంది. గదినిండా గాలి — అత్త గుండెల్లోకి మాత్రం పోవడం లేదు. వేలికి పెట్టిన మీటరులో అంకె జారుతోంది. ఏ ఆసుపత్రిలోనూ మంచం ఖాళీ లేదు. ఫోనులో డాక్టరమ్మ చెప్పింది — బోర్లా పడుకోబెట్టండి. మగతలోకి పోనివ్వకండి. పక్కనుండి మాట్లాడుతూ ఉండండి, ఆవిడ వింటే చాలు. ఈలోగా ఆక్సిజన్ సిలిండరు కోసం వెతకండి.

తలుపవతల భర్త ఫోను మీద ఫోను చేస్తున్నాడు.

కోడలు లేచింది. తనకీ ఇంకా జ్వరమే. అయినా అత్తని మెల్లగా తిప్పింది. ఛాతీ కింద దిండు సర్దింది. వీపు మీద చెయ్యి వేసింది.

ఇన్నేళ్ళలో ఆ వీపుని తాకడం ఇదే మొదలు.

ఎంత చిన్న వీపు...

మాట్లాడమన్నారు. ఏం మాట్లాడాలి? ఇద్దరికీ కలిపి ఒక్క కబురు కూడా లేదు.

నోటికొచ్చింది ఒకటే. రోజూ చెప్పేది. నిద్రలో లేపినా తప్పులేకుండా చెప్పేది.

"మిల్లు గేటు... మిల్లు గేటు దిగేవాళ్ళు ముందుకి రావాలి."

ఊపిరి లోపలికి.

"రైట్... రైట్..."

ఊపిరి బయటికి.

"గడియార స్తంభం... గడియార స్తంభం..."

మళ్ళీ లోపలికి.

బస్సు చివరి సీటు దాకా వినపడే గొంతు అది. ఒక్క ముసలి చెవికి సరిపడేంతగా తగ్గించుకుంది. స్టాపు తర్వాత స్టాపు. మలుపు తర్వాత మలుపు. ఆఖరి స్టాపు వచ్చినా అత్తని దిగనివ్వలేదు. బస్సుని వెనక్కి తిప్పింది. మళ్ళీ మిల్లు గేటు...

రైల్వే గేటు దాటుతుండగా, దిండులోంచి ఒక మాట వినపడింది.

"ముసలాళ్ళకి... సీటిచ్చారా?"

కోడలు దిండు దగ్గరికి వంగింది.

"ఇచ్చారత్తయ్యా. కిటికీ పక్కనే."

"ఊఁ... అయితే పోనీ బండి."

ఎండ వాలేవేళకి ఇంటి ముందు ఆటో ఆగింది. కోడలితో రోజూ డ్యూటీ చేసే బస్సు డ్రైవరు, పెద్దాయన — ఎవరెవరి కాళ్ళావేళ్ళా పడ్డాడో — ఒక సిలిండరు దించాడు. మంచినీళ్ళు కూడా తాగలేదు. "మా కండక్టరమ్మ లేకపోతే నా బండి కదలదు, తొందరగా లేచి రమ్మనండి!" అని కేకేసి వెళ్ళిపోయాడు.

అంకె మెల్లగా పైకెక్కింది.

ఎవరికని దండం పెట్టాలి? ఆ పెద్దాయనకి. విసుక్కోకుండా ప్రతిసారీ ఫోనెత్తిన డాక్టరమ్మకి. ఉలి పట్టిన చేతుల్తో కూతురికి జడ వేయడం నేర్చుకున్న మనిషికి. లోపలికీ, బయటికీ, మళ్ళీ లోపలికీ నడిచిన గాలికి...

కొన్నాళ్ళకి ఒక ఉదయం, ముద్ద నోట్లో పెట్టుకుని అత్త ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఉప్పు!"

కోడలు గబగబా తనూ ఒక ముద్ద తింది. ఉప్పు. నోరంతా ఉప్పు. ఇన్నాళ్ళూ తిన్నది ఇదా! ఇద్దరూ దగ్గుతూ నవ్వారు, నవ్వుతూ దగ్గారు. "ఏమైంది? ఏమైంది?" అని భర్త అవతల కంగారు పడిపోతున్నాడు.

తలుపు తెరిచిన రోజున పిల్ల పరుగెత్తుకొచ్చింది. ముందు ఎవర్ని వాటేసుకోవాలో తెలియక ఇద్దరి మధ్యా గిరగిరా తిరిగింది.

జబ్బు ఇంకా వీధుల్లో తిరుగుతూనే ఉంది. నాలుగడుగులు వేస్తే అత్తకి ఆయాసం. సోమవారం కోడలు బస్సెక్కాలి. ఏమవుతుందో ఎవరికీ తెలియదు.

భర్త మాత్రం హుషారుగా గది ఊడ్చాడు. దుప్పట్లు ఎండలో వేశాడు. తల్లి మంచం ఒక కొస ఎత్తి పట్టుకుని అడిగాడు — "అమ్మా, దీన్ని నీ గదిలో వేసేయనా?"

అత్త కోడలి వైపు చూసింది. కోడలు కిటికీ వైపు చూసింది.

తెర ఊగుతోంది.

"రేపు చూద్దాంలేరా," అంది అత్త.

"అవును, రేపు చూద్దాం," అంది కోడలు.

"మరి నేనెక్కడ పడుకోను?"

మంచం కొస అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

వాళ్ళిద్దరూ అప్పటికే ఏదో కబుర్లలో పడ్డారు...