అయిదు గంటల అపాయింట్‌మెంట్

చపాతీ పిండి కలుపుతుంటే నా కుడిపాదం లోపలికి తిరిగింది. రోజూ వచ్చే సాయంత్రం వేళకే వచ్చింది. ఇక రాత్రి పడుకుని లేచేదాకా ఆ పాదం నాది కాదు, గోడ పట్టుకుని ఈడ్చుకుంటూ తిరగాల్సిందే. "సరిగ్గా వంట వేళకే వస్తుంది నీ జబ్బు," అంటారు మా ఆయన సుందర్ రాజ్. ఆయన ఆఫీస్‌కి లేట్ కాకూడదని నా అపాయింట్‌మెంట్లన్నీ పొద్దున ఎనిమిదింటికే బుక్ చేస్తారు. ఎనిమిదింటికి నేను లేడిపిల్లలా నడుస్తాను. ఒక డాక్టర్ ఎం.ఎస్. అనే నరాల జబ్బు కావచ్చు, అది వస్తూ పోతూ ఉంటుందన్నాడు. ఇంకొకాయన నన్ను కాదు, మా ఆయన్ని చూసి, దేశం వదిలొచ్చింది కదా, ఇంటిమీద బెంగేమో అన్నాడు.

శనివారం సాయంత్రాలు మా తెలుగు సంఘం వాళ్లొచ్చి నా తలమీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. వాళ్లకి టీ, పకోడీలు నేనే, కాలీడ్చుకుంటూ. ఆదివారం పొద్దున చర్చిలో తిన్నగా నిలబడి, బాగైందని సాక్ష్యం చెప్తాను. సాయంత్రానికి మళ్లీ మొదలు. నీకు విశ్వాసం తక్కువంటారు. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను.

అది ఎనభై మూడు నవంబర్. ఈ పరాయిదేశంలో మా ఊరు షామ్‌బర్గ్‌లో నాలుగున్నరకే చీకటి పడిపోయింది. హాల్లోంచి చప్పుడు. ఒక అడుగు, ఒక ఈడ్పు. అది నా నడక చప్పుడు. నేను మాత్రం సింక్ దగ్గర కదలకుండా నిలబడి ఉన్నాను. తిరిగి చూస్తే మా ఏడేళ్ల లూసీ.

"మమ్మీ, నా ఫుట్ మాట వినట్లేదు."

నిన్ను చూసి నేర్చుకుందన్నారు ఆయన. శనివారం దాని తలమీదా చేతులు పెట్టిస్తానన్నారు. నాకు భయం కంటే కోపం ఎక్కువొచ్చింది. మర్నాడు క్లినిక్‌కి నేనే ఫోన్ చేశాను. పొద్దున వద్దు, సాయంత్రం అయిదింటికి ఇమ్మన్నాను. గురువారం ఇచ్చారు. ఆ రోజు లూసీని స్కూల్ నుంచి ముందే తెచ్చుకుని, కాలు బాగున్నప్పుడే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి, వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నాను. తిరిగి ఎలా వస్తామో ఆలోచించలేదు. జబ్బు కోసం ఎదురుచూడటం అదే మొదటిసారి. కిటికీలో వెలుగు తగ్గింది. ముందు నా పాదం తిరిగింది, తర్వాత దాని పాదం.

కొత్త డాక్టరమ్మ మా ఇద్దర్నీ కారిడార్‌లో నడిపించి చూసింది. ఇది ఎం.ఎస్. కాదేమో, వంశంలో దిగే అరుదైన జబ్బులా ఉందంది. పొద్దు గడిచేకొద్దీ ముదిరి, నిద్రపోతే తగ్గుతుందట. చిన్న మాత్ర వాడి చూస్తే తేలిపోతుందట. ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా అని అడిగింది.

"మా అమ్మకి. చీకటి పడితే ఒంటిమీదికి దయ్యం వస్తుందనేవాళ్లు."

"ఏం చేసేవాళ్లు?"

"గదిలో పెట్టి గడియ వేసేవాళ్లు," అన్నాను. లూసీ నా చెయ్యి పట్టుకుని ఉంది. దాని ముందు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఆ గడియ వేసేదాన్ని నేనే."