పాండవుల గుడి మళ్ళా నిలబడింది

బేస్తవారం ఆఫీసరమ్మ వస్తాదని ఆదివారం తెలిసింది. ఆయమ్మకు చూపించేదానికి గుట్ట మీద పాండవుల గుడి ఒక్కటన్నా నిలబడి లేదని నారాయణప్పకు ఎప్పటినుంచో తెలుసు. ఇంగ ఆయప్పకు అన్నం యాడ దిగుతాది?

బండమీదపల్లె గుడుపల్లె మండలంలో ఒక మూలకు ఉండాది. ఊరి వెనకే గుట్ట. వనవాసంలో పాండవులు ఆ గుట్ట మీద కొన్నాళ్ళు తలదాచుకున్న్యారనీ, భీముడు ఒంటిచేత్తో బండలు లేపి ఇండ్లు కట్టినాడనీ ఊర్లో అందరూ చెప్తారు. మూడు పక్కలా నిలువు బండలు, నాలుగో పక్క గుండ్రటి బొక్క ఉండే బండ, పైన ఒక కప్పు బండ. అంతే గుడి. మనిషి వంగి దూరాల. అంత భీముడు ఆ గూట్లో ఎట్లా పండుకున్న్యాడని అడిగితే పెద్దోళ్ళు తిట్టినారే గానీ జవాబు చెప్పినోళ్ళు లేరు.

ఒకప్పుడు అట్లాంటి గుళ్ళు పదిహేడు ఉన్నింటాయి. ఏమయినాయంటారా? ఏమవుతాయి, ఊరు మింగేసింది. ఇంటి గడపలకు కొన్ని, గుడ్డలుతికేదానికి కొన్ని, కాలవ దాటేదానికి కొన్ని. అందరికంటే ఎక్కువ తెచ్చుకునింది నారాయణప్ప నాయనే. ఆరు బండలు దించి ఆవుల కొట్టానికి గోడలు నిలబెట్టినాడు. దేవుళ్ళు కట్టిన ఇల్లని మొక్కిందీ ఆ నోరే, గడ్డపార తెండ్రా అనిందీ ఆ నోరే. ఇట్లాంటి భక్తి మనకే చెల్లు.

ఇప్పుడు ఆ గుట్టకు క్వారీ వస్తాండాది. లీజు సంగతి తెలిసినప్పటి నుంచి నారాయణప్పకు కంటి మీద కునుకు లేదు. ఆయప్పకు ఉండేదల్లా గుట్ట కింద రెండెకరాల మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు. చెల్లెలు సుశీలమ్మను బైరెడ్డిపల్లె పక్క ఇచ్చినారు. ఆ ఊర్లో ఇట్లే క్వారీ వస్తే పోయి కండ్లారా చూసొచ్చినాడు. ఆకు మీద పిండి చల్లినట్టు రాతిదుమ్ము. ఆ ఆకు తిన్న పురుగులు గూడు కట్టకుండానే తట్టల్లో సచ్చి పడినాయి. సుశీలమ్మ తోట పెరికేసి, బెంగుళూరు పోయి ఎవురింట్లోనో గిన్నెలు తోముతాండాది. ఈ వయసులో తనూ రుక్మిణమ్మా అట్లా పోవాల్నా? పొద్దున లేస్తే అదే దిగులు.

దారి చూపించింది కూతురు హరిత, మదనపల్లెలో టీచరు. ఫోన్లో చదివి వినిపించింది. ఆవని కొండ మీద సీతమ్మ లవకుశులను కనిందంట, కైవారం కొండ మీద భీముడు బకాసురుణ్ణి సంపినాడంట, జనం బస్సులు మాట్లాడుకోని పోయి చూస్తాండారంట. అట్లా పురాణం ఉండి, పాత గుర్తులు కూడా ఉండే తావైతే క్వారీని ఆపొచ్చు, మనమూ అర్జీ పెడదాం నాయనా అనింది. పెట్టినారు. ఇప్పుడు పురావస్తువుల ఆఫీసరమ్మ వస్తాండాది. ఆయమ్మ బాగా రాస్తే గుట్ట బతుకుతాది. లేకుంటే వచ్చే నెలలో మందు పెట్టి పేలుస్తారు.

సోమవారం తెల్లారేసరికి నారాయణప్ప ఆవులను బయట కట్టేసి కొట్టం పైకప్పు పీకతా ఉండాడు. రుక్మిణమ్మ పాలచెంబు పట్టుకోని బిత్తరపోయి చూసింది. ఇదేం పోయేకాలం అని అడిగితే, మా నాయన తెచ్చినయ్యి మళ్ళా ఆడే పెట్టేస్తా, ఒక్క గుడి నిలబడితే చాలు అన్నాడు. వానొస్తే ఆవులు యాడుండాలనింది. ఇంట్లో ఉంటాయన్నాడు. మనమో అనింది. ఆయప్ప ఇంకో రేకు పీకినాడు. ఆయమ్మ చెంబు లోపల పెట్టేసి వచ్చి నిచ్చెన పట్టుకునింది.

లైన్‌మన్ భీమరావు డ్యూటీకి లీవు పెట్టి వచ్చినాడు. అప్పట్లో ఆ బండలను కూలికి గుట్ట దించింది భీమరావు నాయనే. బొక్క ఉండే బండ వాళ్ళ బాత్రూములో నీళ్ళు పోయేదానికి పడి ఉన్నింది, దాన్నీ పెరికి ఇచ్చేసినాడు. దించేదీ మేమే, ఎక్కించేదీ మేమేనా అప్పా అని నవ్వినాడు. నారాయణప్ప ముఖం చెల్లక పక్కకు తిరుక్కున్న్యాడు.

ఆ బండలను పైకి చేర్చేదానికి దారి లేదు. కాళ్ళా వేళ్ళా పడి పుంగనూరు నుంచి జేసీబీ తెప్పించినారు. గుట్ట నడుమ కొంచెం చదును ఉన్నింది. ఆడ ముండ్లకంపలో కొన్ని గుండ్రాళ్ళు సగం భూమిలో పూడుకోని వలయంగా ఉండేవి. ఊర్లో అందరూ పుట్టినప్పటి నుంచి చూసినవే. వాటికి కప్పు లేదు, పాండవుల కథా లేదు, వాటికి ఎవురూ మొక్కిందీ లేదు. జేసీబీ వాటిని పెళ్ళగించి దారి చేసింది. మట్టిలో నుంచి నలుపూ ఎరుపూ కుండ పెంకులు లేస్తే డ్రైవరు బండి ఆపి, ఇదేందప్పా అని అడిగినాడు. పొద్దు పోతాండాది, తొయ్యప్పా అన్నాడు నారాయణప్ప. గుండ్రాళ్ళు మాత్రం పారేయలా. బండల కింద పునాదికి బాగా అక్కరకొచ్చినాయి.

బుధవారం సాయంత్రానికి గుడి నిలబడింది. సున్నం కొట్టినారు, పసుపూ కుంకుమా పెట్టినారు, టెంకాయ కొట్టినారు. ఊరంతా కదిలొచ్చింది. మా నాయన చేసిన తప్పు కడుక్కున్న్యాను సామీ, గుట్టను కాపాడండి అని నారాయణప్ప అందరి ముందరా ఏడ్చేసినాడు. ఆ పూట మాత్రం కడుపునిండా తిన్న్యాడు.

బేస్తవారం పదిగంటలకు ఆఫీసరమ్మ వచ్చింది. ముప్పై అయిదేండ్లు ఉంటాయేమో, మెడలో కెమెరా, చేతిలో ఒక ఫైలు. గుడిని చూసి ఆగింది. చుట్టూ ఒకసారి తిరిగింది. ఒక బండకు ఆవుల్ని కట్టే ఇనుప కొక్కెం అట్లే ఉండాది, దానిమీద కూడా పసుపు పూసినారు మనోళ్ళు. ఆయమ్మ దాన్ని వేలితో తాకింది. కోప్పడలా.

"ఎప్పుడు నిలబెట్టారు?" అని అడిగింది.

అబద్ధం చెప్పాలనే అనుకోని వచ్చినాడు నారాయణప్ప. తీరా ఆ కొక్కెం చూసినాక నోరు రాలా.

"నిన్న అమ్మా."

ఫరవాలేదండీ అనింది ఆయమ్మ. గుళ్ళు పోయినాయని తనకు ముందే తెలుసంట. ఆరేండ్ల కింద కాలేజీ పిల్లోళ్ళు వచ్చి అన్నీ రాసుకోని పోయిండారు, ఆ కాయితం ఫైల్లోనే ఉండాది. దాన్ని తీసి చూపించింది.

"నేను వచ్చింది దీనికోసం కాదు. ఇక్కడ గుండ్రాళ్ళ వలయం ఒకటుంది, ఎవరూ చెయ్యి పెట్టలేదు అని రాశారు. దాని కింద వేల ఏళ్ళ నాటి మనుషుల సమాధి ఉంటుంది, వాళ్ళ కుండలు ఉంటాయి. ఈ గుట్టను కాపాడడానికి అదొక్కటి చాలు. అదెక్కడుంది?"

భీమరావు నేల చూస్తా నిలబడినాడు. నారాయణప్ప వంగి, సున్నం కొట్టిన పునాది మీద చెయ్యి పెట్టినాడు.

"ఇవేనమ్మా."

ఆఫీసరమ్మ ఆడే మట్టిలో కూలబడింది. కుండలేమన్నా బయటపడినాయా అని అడిగింది. పెంకులు లేస్తే తోసేసినామని భీమరావు చెప్పినాడు. ఇంగ తాను రాసేదానికి ఏమీ మిగల్లేదనీ, నిన్న కట్టినదాన్ని పాతదని రాయలేననీ మెల్లగా చెప్పింది.

నారాయణప్ప ఆయమ్మ కాళ్ళ మీద పడినాడు. కూతురి ఈడు బిడ్డ కాళ్ళ మీద.

"రాయమ్మా. ఉండాదని రాయి. నా తోట సచ్చిపోతాది, నా పురుగులు సచ్చిపోతాయి. మేము యాడికి పోవాల?"

ఆయమ్మ వెనక్కి జరిగి, రెండు చేతులా పట్టుకోని లేపింది. రాస్తాననలా. లేచినోడు తిన్నగా పోయి పునాదిలో ఒక గుండ్రాయిని పెరకబట్టినాడు. పైబండ మీద పడతాదప్పా అని భీమరావు నడుము పట్టుకోని లాగినా వినలా. గోర్లు చీలి నెత్తురు వస్తాన్నా ఆ రాయిని ఊడబెరికి, కడుపుకు ఆనించుకోని, జేసీబీ చేసిన దారిలోకి దిగినాడు. ఆ చదునులో చక్రాల గీతలు తప్ప ఏమీ లేవు.

"దీన్ని యాడ పెట్టాల భీమా?" అని అడిగినాడు.

భీమరావుకు తెలీదు. రుక్మిణమ్మకు తెలీదు, వచ్చినోళ్ళలో ఒక్కరికీ తెలీదు. అరవై ఏండ్లు ఆ రాళ్ళ పక్కనే నడిచిన నారాయణప్పకు అవి ఎన్ని ఉన్నింటాయో కూడా తెలీదు. రాయిని దించకుండా, ఆ గీతల నడుమ ఒకచోట వంగతాడు, కాదనుకోని లేస్తాడు, ఇంకోచోటికి పోయి వంగతాడు.